మదర్ థెరిసా బంగారు రేకు పటం: మీరు తరచుగా అడిగే ప్రశ్నలు

బెజవాడలో మా ఇంటి మేడ మీద గదిలో బంగారు రేకు పటాలు చేస్తుంటాను. ఎక్కువమంది అడిగేది మదర్ థెరిసా పటమే. గుణదల తిరునాళ్ల ముందూ, సెప్టెంబర్ ముందూ ఫోన్లు ఎక్కువవుతాయి, అడిగే సందేహాలు మాత్రం దాదాపు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## పటం చేయించుకోవాలా వద్దా అనుకునేటప్పుడు

మదర్ పేదల మనిషి కదండీ, ఆవిడ పటానికి బంగారం ఏమిటి?

అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది. 1964లో పోప్ ఆరవ పౌలు మన దేశం వచ్చినప్పుడు తను వాడిన లింకన్ కారును మదర్‌కు ఇచ్చి వెళ్లారు. ఆమె అందులో ఎక్కి తిరగలేదు. లాటరీ పెట్టి, వచ్చిన సొమ్మును కుష్ఠురోగుల కోసం కట్టే శాంతినగర్‌కు వాడారు. 1979లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు మామూలుగా ఇచ్చే విందు వద్దని, ఆ ఖర్చు పేదలకు ఇమ్మని అడిగారు. అలాంటి మనిషి బొమ్మకు బంగారం పూసే ముందు చెయ్యి ఆగాలి. నాకు ఇప్పటికీ ఆగుతుంది.

అయితే ఐకాన్ (ప్రార్థన కోసం చెక్క మీద వేసే పునీతుల పటం) చిత్రకళలో బంగారం ఆస్తికి గుర్తు కాదు, వెలుగుకు గుర్తు. రంగు ఏదైనా ఏదో ఒక వస్తువును చూపిస్తుంది. రేకు మాత్రం ఎదురుగా ఉన్న వెలుతురునే తిరిగి మనకిస్తుంది. పొద్దున కిటికీ తెరిస్తే ఒకలా, సాయంత్రం కొవ్వొత్తి పెడితే మరోలా ఉంటుంది. అందుకే బైజాంటియం (పాత తూర్పు రోమన్ సామ్రాజ్యం) కాలం నుంచీ పునీతుల తల వెనక బంగారం వేస్తూ వచ్చారు. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: బంగారం ఆమె వెనక ఉంటుంది, ఆమె ఒంటి మీద ఉండదు. చీర నూలు చీరగానే, చేతులు పనిచేసిన చేతులుగానే ఉండాలి.

ఇంకో మాట కూడా మొహమాటం లేకుండా చెబుతాను. ఎవరికైనా సాయం చేద్దామని తీసిపెట్టిన డబ్బుతో ఈ పటం కొనకండి. అలాంటప్పుడు చిన్న కాగితం పటం చాలు.

నా పటంలో బంగారం ఎంత ఉంటుంది? రేపెప్పుడైనా అమ్మితే డబ్బులొస్తాయా?

రావు. మామూలు రేకు 8 సెంటీమీటర్ల చదరం, మందం మిల్లీమీటరులో దాదాపు పదివేలవ వంతు. లెక్క కడితే ఒక్కో రేకు బరువు సుమారు 12 మిల్లీగ్రాములు. రేకులు కాగితాల మధ్య పెట్టి పుస్తకంగా అమ్ముతారు, 25 రేకుల పుస్తకం మొత్తం కలిపినా గ్రాములో మూడో వంతు కాదు. 20 సెంటీమీటర్ల తేజోవలయానికి రెండు పొరలు వేస్తే పన్నెండు, పద్నాలుగు రేకులు పడతాయి, అంటే పావు గ్రాము కూడా లేదు. తులాల లెక్కలో చూస్తే ఇది నగ కానే కాదు. మీరిచ్చే డబ్బులో ఎక్కువ భాగం చెక్కకూ, దాని మీద వేసే సుద్ద పూతకూ, వారాల తరబడి పట్టే చేతిపనికీ పోతుంది. బంగారం ధర పెరిగినంతగా పటం ధర పెరగకపోవడానికి కారణమూ అదే.

అసలు బంగారమో ఇమిటేషనో ఎలా తెలుస్తుంది?

రేకుల అతుకులు చూడండి. అసలు బంగారు రేకు అతుకులు సుమారు 8 సెంటీమీటర్లకు ఒకటి వస్తాయి. ఇమిటేషన్ రేకు రాగి, జింకు కలిపిన ఇత్తడి. సాధారణంగా 14 సెంటీమీటర్ల చదరంగా వస్తుంది, అతుకులు దూరంగా ఉంటాయి, పైన తప్పనిసరిగా వార్నిష్ ఉంటుంది. వార్నిష్ లేని చోట కొన్నాళ్లకు గోధుమ రంగుకో ఆకుపచ్చకో తిరుగుతుంది. చేసినవాళ్లను ఎన్ని క్యారెట్ల రేకు వాడారో అడగండి, రేకు పుస్తకం అట్ట చూపించమనండి. నిజంగా వాడినవాళ్లు సంతోషంగా చూపిస్తారు. ఇమిటేషన్ రేకు వాడటం తప్పేమీ కాదు. అది ఇత్తడని చెప్పకుండా అమ్మడం తప్పు.

మిఠాయిల మీద వేసే వరఖ్ వాడితే చవకగా అవుతుంది కదా?

హైదరాబాద్ పాతబస్తీలో సుత్తితో కొట్టి చేసే వరఖ్ ఎక్కువగా వెండిది. వెండి గాలిలోని గంధకానికి నల్లబడుతుంది. మిఠాయి ఆ రోజే తినేస్తాం కాబట్టి పర్వాలేదు, గోడ మీద పటం ఏళ్ల తరబడి ఉండాలి. వెండి వేసి పైన పసుపు వార్నిష్ పూసి బంగారంలా చూపించే పాత పద్ధతి ఒకటి ఉంది కానీ, ఆ వార్నిష్ గీసుకుపోయిన చోటల్లా నల్ల మచ్చ పడుతుంది. నేను చేయను.

తంజావూరు పటంలా ఉబ్బెత్తుగా, రాళ్లు పొదిగి చేయిస్తే ఇంకా నిండుగా ఉండదా?

నిండుగా ఉంటుంది, అందులో సందేహం లేదు. ఆ కళ మనకు పరాయిదీ కాదు: తంజావూరు పటాలు వేసిన 'రాజు' అనే చిత్రకారుల కుటుంబాలు రాయలసీమ వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లే. మక్కుతో (జిగురు కలిపిన ముద్దతో) నగలు, తోరణాలు ఉబ్బెత్తుగా తీర్చి, పైన దళసరి రేకు అంటించి రాళ్లు పొదుగుతారు. బాలకృష్ణుడికీ, పట్టాభిషేక రాముడికీ ఆ అలంకారం అమరుతుంది. మదర్‌కు నగ లేదు, కిరీటం లేదు, ఎడమ భుజం దగ్గర పిన్నుతో పెట్టుకున్న చిన్న సిలువ తప్ప. అలంకరించడానికి ఏమీ లేని మనిషి మీద మక్కు ఎక్కడ పెడతాం? మరీ కోరితే చుట్టూ అంచు వరకు మక్కుతో చిన్న తీగ తీర్చి ఇస్తాను, బొమ్మ మాత్రం బల్లపరుపుగానే ఉంటుంది.

మేం బాప్టిస్టులం. మా ఇంట్లో ఇది పెడితే విగ్రహారాధన అంటారా?

కొందరు అంటారు. ఆ మాట తేలిగ్గా తీసేయకండి. పటానికి చూపే గౌరవం పటంలోని వ్యక్తికి చేరుతుందనీ, ఆరాధన మాత్రం దేవునికే చెందుతుందనీ 787లో రెండో నైసియా మహాసభ (బిషప్పుల సభ) తేల్చింది, కతోలిక సంఘం ఈనాటికీ దాని మీదే నిలబడి ఉంది. ప్రొటెస్టెంట్ సంఘాల్లో చాలావరకు పునీతుల పటాల ముందు ప్రార్థన చేయవు. మీ ఇంట్లో ఇబ్బంది అనిపిస్తే వలయం లేకుండా, వెనక సాదా బంగారు నేలతో, గౌరవంగా గుర్తుచేసుకునే చిత్రంగా చేయించుకోండి. ముందు ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడండి. గొడవ పడి గోడకెక్కించే పటం ఆమెది కాకూడదు.

సెప్టెంబర్ 5కి కావాలంటే ఎప్పుడు చెప్పాలి?

మే నెలలో. ఆమె చనిపోయింది 1997 సెప్టెంబర్ 5న, ఆ రోజే పండుగ. మనకు అదే ఉపాధ్యాయ దినోత్సవం కూడా కావడంతో టీచర్లకు కానుకగా అడిగేవాళ్లు చాలామంది. కానుక అమరుతుంది కూడా, ఎందుకంటే వీధుల్లోకి రాకముందు ఆమె కోల్‌కతా ఎంటాలీలోని సెయింట్ మేరీస్ బడిలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పారు. ఒక పటానికి ఎండాకాలంలో ఐదారు వారాలు పడుతుంది. జూలై, ఆగస్టు ముసురులో సుద్ద పూత ఆరక ఎనిమిది వారాలైనా పడుతుంది. ఆగస్టు పదిహేనుకు ఫోన్ చేసి అడిగితే బాధగానే కుదరదని చెప్పాల్సి వస్తోంది.

## బొమ్మ ఖాయం చేసుకునేటప్పుడు

మా దగ్గరున్న ఫొటో పంపిస్తే అచ్చం అలాగే వేస్తారా?

ఫొటో మీరు స్వయంగా తీసిందో, మీ కుటుంబానిదో అయితే వేస్తాను. పత్రికల్లో వచ్చిన ప్రసిద్ధ ఫొటోలకు తీసినవాళ్ల హక్కులుంటాయి, వాటిని దించి ఇవ్వను. చాలా ఫొటోలు చూసి ముఖం కట్టు, తల వంపు, చేతుల తీరు పట్టుకుని కొత్తగా గీస్తాను.

చీర అంచుకు కూడా బంగారం పెట్టొచ్చుగా, జరీలా?

ఇది ఎవరడిగినా వద్దనే చెబుతాను. అంతకుముందు తానున్న లొరేటో మఠం దుస్తులు వదిలి ఆమె మొదటిసారి ఆ తెల్ల నూలు చీర కట్టింది 1948 ఆగస్టు 17న. బెంగాల్‌లో పేద ఆడవాళ్లు కట్టే చవక చీరను చూసి ఎంచుకున్నది అది. సిస్టర్లు ఇప్పుడు కట్టే చీరలు కోల్‌కతా దగ్గర టీటాగఢ్‌లోని గాంధీజీ ప్రేమ్ నివాస్‌లో కుష్ఠు సోకినవాళ్లు మగ్గాల మీద నేస్తారు. అంత కథ ఉన్న చీరకు జరీ పెడితే ఆమె కాదన్నది మనం తిరిగి కట్టబెట్టినట్టు అవుతుంది. అంచులో నీలి చారలు మూడు, బయటిది వెడల్పు, లోపలి రెండూ సన్నం. చాలా పటాల్లో మూడూ ఒకే వెడల్పున ఉంటాయి. మీరు ఎవరి దగ్గర చేయించుకున్నా ఈ ఒక్కటి సరిచూసుకోండి.

ముఖం మీద ముడతలు కాస్త తగ్గించగలరా? అమ్మకు కానుకిస్తున్నాం.

తగ్గించను, ఎందుకో చెప్తాను. ఐకాన్ పద్ధతిలో ముఖానికి ముందు ముదురు ఆకుపచ్చ గోధుమ నేల వేస్తాం. దాని మీద ఒక్కో పొర లేత రంగు ఎక్కిస్తూ చివరికి సన్నని తెల్ల గీతలు పెడతాం. అంటే నీడలు గీయం, చీకట్లోంచి వెలుగు తీస్తాం. వయసు మళ్లిన ముఖానికి ఈ పద్ధతి ఎంత అమరుతుందో చేస్తేగానీ తెలియదు. ప్రతి ముడత పక్కనా ఒక వెలుగు గీత పడుతుంది. ముడతలు తీసేస్తే వెలుగు పెట్టే చోటే మిగలదు. నునుపైన ముఖంతో ఒకసారి చేసి ఇచ్చాను. నెల తిరక్కుండా వాళ్లే తిరిగి తెచ్చి, ఇది మదర్‌లా లేదు, మళ్లీ వేయండి అన్నారు.

మా పాత పటంలో తల చుట్టూ వలయం లేదు. మీ దాంట్లో ఎందుకు?

మీది 2016కు ముందుది అయి ఉంటుంది. 2003 అక్టోబర్ 19న ఆమెను ధన్యురాలిగా (పునీత కావడానికి ముందు మెట్టు), 2016 సెప్టెంబర్ 4న పునీతగా ప్రకటించారు. కతోలిక ఆచారంలో నిండు వలయం పునీతులకు, ధన్యులకు కిరణాలు మాత్రమే. ఆ రెండు ప్రకటనలకూ ముందే ఎవరికైనా వలయం వేయకూడదని 1625లో పోప్ ఎనిమిదో అర్బన్ కట్టడి చేశారు. మీ పాత పటం తప్పు కాదు, తన కాలానికి అదే సరైనది.

కింద ఏం రాయించమంటారు?

ఐకాన్‌కు పేరు తప్పనిసరి. "కోల్‌కతా పునీత తెరెసా" అని తెలుగులో రాస్తాను. సూక్తులు ఇవ్వమంటే జాగ్రత్త: ఆమెవని ఫోన్లలో తిరిగే మాటల్లో చాలా ఆమెవి కావు. వాక్యం కావాలంటే "దప్పిగొనుచున్నాను" చాలు. సిలువ మీద క్రీస్తు అన్న మాట అది. ఆమె స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీ ప్రార్థనాలయాల్లో సిలువ పక్కన ఇంగ్లీషులో ఆ మాటే రాసి ఉంటుంది.

## స్వయంగా చేసుకునేవాళ్లకు

ఇంట్లో నేనే చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

నూనె పద్ధతితో. బంగారు రేకు వేయడానికి దారులు రెండు. నీటి పద్ధతిలో సుద్ద పూత మీద బోల్ అనే ఎర్రమట్టి పూసి, నీళ్లతో తడిపి రేకు దించి, ఆరాక అగేట్ రాయితో మెరుగు పెడతారు. అద్దంలా మెరుస్తుంది, కానీ చెయ్యి తిరగడానికి ఏళ్లు పడుతుంది. నూనె పద్ధతిలో గోల్డ్ సైజ్ అనే జిగురు పల్చగా పూసి, అది సరిగ్గా ఆరేదాకా ఆగి రేకు వేస్తారు. మెరుపు నెమ్మదిగా, మెత్తగా ఉంటుంది.

జిగురు మూడు గంటలది, పన్నెండు గంటలది అని దొరుకుతుంది. ఆ గంటలు సీసా మీది మాటే, మన కోస్తా ఉక్కలో మారిపోతాయి. వేలి కణుపు ఆనించి తీయండి. జిగురు అంటకుండా, తీసేటప్పుడు చిన్నగా చప్పుడు చేస్తే వేళయినట్టు. తడి మీద తొందరపడితే రేకు మునిగి మసకబడుతుంది. మరీ ఆరితే పట్టదు.

మరవకూడని వరస ఒకటుంది: బంగారం ముందు, రంగులు తర్వాత. ముఖం వేశాక రేకు వేస్తే, రంగులో ఏ మాత్రం జిగట ఉన్నా రేకు ముక్కలు అక్కడ పట్టి ఇక వదలవు.

రేకు ముట్టుకుంటే చిరిగిపోతోంది, ఎగిరిపోతోంది. ఏం చేయను?

మొదట ఫ్యాన్ ఆపేయండి, కిటికీ మూయండి. చెమటలు పడతాయి, తప్పదు. వేళ్లతో పట్టుకోవద్దు. ఉడుత వెంట్రుకల వెడల్పు కుంచెను చెంపకు ఒకసారి రాస్తే ఆ చమురుకే రేకు అంటుకుని లేస్తుంది. కొత్తవాళ్లు ట్రాన్స్‌ఫర్ రేకు కొనుక్కోండి. అది పల్చని కాగితానికి అద్ది ఉంటుంది, కాగితంతో సహా కత్తిరించి అద్దేయొచ్చు.

సుద్ద పూత ఆరాక నెర్రెలు వచ్చాయి. చెక్కది తప్పా?

చాలాసార్లు జిగురుది. ఎండు కుందేలు చర్మపు జిగురు ఒక వంతుకు నీళ్లు పది నుంచి పదిహేను వంతులు పోసి రాత్రంతా నాననివ్వాలి, పొద్దున నీళ్లగిన్నెలో పెట్టి కరిగించాలి, మరగనివ్వకూడదు. జిగురు చిక్కనైతే పూత పగులుతుంది, పల్చనైతే సుద్ద చేతికి రాలుతుంది. త్వరగా ఆరుతుందని ఫ్యాన్ కింద పెట్టినా నెర్రెలే. పూతలు ఎనిమిది నుంచి పది, ఒక్కోటీ పల్చగా, ముందుదానికి అడ్డంగా. చెక్క మీద మొదట పాత పంచె గుడ్డ జిగురుతో అంటిస్తే చెక్క కదిలినా పూత నిలబడుతుంది. నెర్రెలు పైపైనే ఉంటే అరగదీసి మళ్లీ పూయండి. చెక్కదాకా దిగితే మొత్తం గీకేయాల్సిందే. మొదటి వానాకాలంలో నేను మూడు చెక్కలు అలా గీకాను.

మేం శాకాహారులం. కుందేలు జిగురు, రంగుల్లో కలిపే గుడ్డుసొన లేకుండా కుదరదా?

కుదురుతుంది. చింతగింజల బంకతో సుద్ద కలిపి పూయొచ్చు. కొండపల్లి బొమ్మల మక్కుకూ వాడేది చింతగింజల బంకే. దాని మీద నూనె పద్ధతిలో రేకు వేసి, రంగులు యాక్రిలిక్‌లో వేయండి. రాయితో మెరుగు పెట్టే అద్దపు మెరుపు రాదు, అంతే.

నేను చేసి అమ్ముకోవచ్చా?

మీ గోడకో, కానుకగానో చేసుకునేదానికీ వ్యాపారానికీ తేడా ఉంది. నీలి చారల చీర నమూనాను మిషనరీస్ ఆఫ్ చారిటీ ట్రేడ్‌మార్క్‌గా 2016లో నమోదు చేయించింది. అమ్మకానికి మొదలుపెట్టే ముందు వాళ్లకు ఉత్తరం రాసి అడగండి, ట్రేడ్‌మార్క్ తెలిసిన లాయరును కలవండి. సేవ పేరు చెప్పి డబ్బు వసూలు చేసే పటంగా మాత్రం ఎప్పుడూ అమ్మకండి.

## పటం ఇంటికొచ్చాక

పార్సిల్ విప్పేటప్పుడు ఏం చూసుకోవాలి?

బల్ల మీద పడుకోబెట్టి విప్పండి. బంగారం మీద వేళ్లు పెట్టొద్దు, అంచులు పట్టుకోండి. పైనున్న నున్నటి కాగితాన్ని లాగకుండా పైకెత్తి తీయండి.

ఎక్కడ తగిలించాలి?

చెమ్మ లేని గోడకు. బాత్‌రూమ్ గోడ అవతలి వైపు, వానకు తడిసే పడమటి గోడ, ఏసీ గాలి నేరుగా తగిలే చోటు వద్దు. పటం వెనక నాలుగు మూలలా బెండు ముక్కలు అంటించి గోడకూ చెక్కకూ మధ్య గాలి ఆడనివ్వండి. దీపం పెట్టేవాళ్లు రెండడుగుల దూరంలో పెట్టండి. అగరొత్తి పొగ, కొవ్వొత్తి మసి బంగారాన్ని పాడుచేయవు కానీ దాని మీద పేరుకుంటాయి, తీయడం కష్టం. ఎదురుగా కంటే పక్క నుంచి వెలుతురు పడితే రేకు బాగా పలుకుతుంది.

ఫాదర్ గారితో ఆశీర్వాదం చేయించాలా?

తప్పనిసరి కాదు. చేయించుకుంటే మంచిదే. పవిత్ర జలం మాత్రం పటం ముందు గాలిలోకి చల్లమని ఫాదర్ గారికి ముందే చెప్పండి. నీటి పద్ధతిలో వేసిన బంగారం మీద చుక్క పడితే మచ్చ శాశ్వతం.

దుమ్ము ఎలా తుడవాలి? అద్దం వేయించనా?

మెత్తని కొత్త కుంచెతో, నెలకోసారి, పై నుంచి కిందికి. తడిగుడ్డ, కొలిన్, కొబ్బరినూనె ఏదీ వద్దు. అసలు బంగారం మసకబారదు, దానికి అద్దం అక్కర్లేదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే వేయించండి, కానీ అద్దం పటానికి తగలకుండా మధ్యలో ఖాళీ ఉంచమని ఫ్రేమ్ కట్టేవాళ్లకు చెప్పండి.

ఒక మూల రేకు లేచింది. ఫెవికాల్ పెట్టనా?

పెట్టొద్దు. లేచిన ముక్కను ఊదొద్దు, గోటితో నొక్కొద్దు. పటాన్ని పడుకోబెట్టి, ఆ చోటు ఫొటో తీసి, చేసినవాళ్లకు పంపండి. రేకు ఒక్కటే లేస్తే ఒక పూట పని. కింద సుద్దతో సహా లేస్తే గోడలో చెమ్మ ఉందన్నమాట, ముందు గోడ సంగతి చూసుకోవాలి. బాగుచేసిన చోట కొత్త రేకు కాస్త వేరుగా కనిపించవచ్చు.